పట్టాలు వంకర

ఆగస్టు 24, శనివారం

కొత్త కళ్ళద్దాలు పనిచేయడం లేదని తిరిగి ఇచ్చేయబోతే, తప్పు అద్దాలది కాదు, కళ్ళది అంది ఆప్టోమెట్రిస్టు పిల్ల. పిల్ల అనే అంటాను. నేను పాఠాలు చెప్పడం మానేసిన ఏడాది ఆమె ఇంకా క్రేయాన్లు నములుతూ ఉండి ఉంటుంది.

గళ్ళ కాగితం ఒకటి చేతికిచ్చి, ఒక కన్ను మూసుకుని మధ్యలో ఉన్న చుక్కని చూడమంది. గీతలన్నీ తిన్నగా ఉన్నాయా అని అడిగింది. మధ్యలో ఎవరో వేలు పెట్టి కెలికినట్టున్నాయి. ప్రింటు బాగాలేదన్నాను. నవ్వలేదు. చరిత్ర క్లాసులో ముప్పై ఏళ్ళపాటు నా జోకులకి నవ్వని పిల్లల్ని చూశాను కనుక నొచ్చుకోలేదు.

కంటి వెనక తెర కింద నీరు ఊరుతోందట. కుడి కన్ను ముదిరిపోయింది, ఎడమది ఇప్పుడే మొదలైంది. ఈ వారంలో రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్ళి ఇంజెక్షను చేయించుకుంటే ఎడమది దక్కుతుంది. ఆలస్యం చేస్తే నడిమి చూపు పోతుంది, పోయింది మళ్ళీ రాదు. పక్క చూపు మాత్రం ఉంటుందట. అంటే గోడలూ తలుపులూ కనిపిస్తాయి, మొహాలూ అక్షరాలూ కనిపించవు. ఆ డాక్టరు చూసేదాకా కారు నడపొద్దని కూడా చెప్పింది.

ఇంజెక్షను కంట్లోకి. చేతికి కాదు. కంట్లోకి.

ఇంటికి నేనే డ్రైవ్ చేసుకుంటూ వచ్చాను. ఏమీ కాలేదు.

ఆయనకి చెప్పలేదు. మోకాలి ఆపరేషను తర్వాత ఆయన స్టీరింగు ముట్టుకోవడం మానేశారు. నేను కూడా మానేస్తే ఇక మా అమ్మాయి నీరజ వాళ్ళింటి బేస్‌మెంటే గతి. అది ఎప్పటినుంచో సిద్ధం చేసి పెట్టింది, ప్రత్యేకంగా బాత్రూమ్ కూడా కట్టించింది. నా బొమ్మలకి అక్కడ చోటుండదు. నాకూ ఉండదు.

దసరా వెళ్ళాక చూద్దాం. డైరీ తెలుగులో రాయడంలో ఉన్న సుఖం ఏమిటంటే, ఆయన తప్ప దీన్ని చదవగలిగినవాళ్ళు ఇంట్లో లేరు. ఆయన న్యూస్‌పేపర్ తప్ప ఏదీ చదవరు.

ఆగస్టు 28

రెటీనా డాక్టరు ఆఫీసు నుంచి ఫోను. మోగనిచ్చాను.

ఆగస్టు 29

మళ్ళీ మోగింది. "ఎవరోయ్?" అన్నారు ఆయన. "డక్ట్ క్లీనింగ్ వాళ్ళు" అన్నాను. ఇంట్లో గాలి గొట్టాలు శుభ్రం చేస్తామని విసిగించేవాళ్ళు. కెనడాలో ఏ ఫోనుకైనా సరిపోయే జవాబు అది.

సెప్టెంబరు 1, ఆదివారం

ఝాన్సీతో కలిసి హామిల్టన్ దాటాక ఉన్న పాత సామాన్ల సంతకి వెళ్ళాను. నేనే డ్రైవ్ చేశాను.

దసరా బొమ్మల కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలి. ఊళ్ళో మిగతా వాళ్ళ కొలువుల్లో దశావతారాలూ పెళ్ళికూతుళ్ళూ చేరతాయి. నా కొలువులో నూట డెబ్భై ఏళ్ళ కిందట ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు చేసిన రైలు బొమ్మలు చేరతాయి. మొదటిది రెజైనాలో చర్చి నేలమాళిగలో పెట్టిన అమ్మకంలో దొరికింది. చిన్న గుట్ట, గుట్టలో సొరంగం, సొరంగంలోంచి బయటికొస్తున్న ఇంజను. గుట్ట పైన గొట్టంలా ఖాళీ. పొయ్యి అంటించుకునే కాగితపు చుట్టలు అందులో పెట్టుకునేవాళ్ళు. ఆ బొమ్మ చేసినవాడు రైలుని కళ్ళతో చూసి ఉండడు. ఇంజను నీళ్ళ కూజాకి చక్రాలు తొడిగినట్టుంటుంది, డ్రైవరు ఇంజనుకన్నా పొడుగు. ఇంత ధైర్యంగా తెలియనిదాన్ని చేసినవాళ్ళ మీద నాకు అప్పుడే ప్రేమ పుట్టింది. మీ నాన్నగారు రైల్వేలో పనిచేసేవారా అని అందరూ అడుగుతారు. లేదు, ప్లీడరు. ప్లీడరు బొమ్మలు ఎవరూ చేయరు.

ఝాన్సీలక్ష్మి నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది. మత్తు డాక్టరుగా చేసి రిటైరైంది. ఈ పిచ్చి తనకి నేనే అంటించాను. ఎంత చెప్పినా కుక్క బొమ్మలే కొంటుంది. అసలు బొమ్మనీ నకలునీ వేరు చేయడం కూడా నేనే నేర్పాను. అడుగున సూదిబెజ్జమంత కన్నం ఉంటే పాతది, వేలు దూరేంత ఉంటే కొత్తది. వీపు చదునుగా, రంగు లేకుండా ఉండాలి. గోడకి ఆనించి పెట్టే బొమ్మకి వీపు మీద రంగు వేయడం దండగ అనుకున్నారు. అంచున బంగారం అరిగి ఉండాలి. తళతళలాడితే నిన్నటిది.

ఇవాళ దొరికింది అరచేతిలో ఇమిడేది. చిన్న ఇంజను, పక్కన నిలబడ్డ డ్రైవరు, ముందు పట్టాలు. చేతిలోకి తీసుకోగానే అసలుదని తెలిసింది.

"పట్టాలు వంకరగా గీశాడు. తాగి ఉంటాడు" అన్నాను.

"ఎక్కడక్కా? స్కేలు పెట్టి గీసినట్టుంటేను" అంది ఝాన్సీ.

"కుక్కలు కొనేదానివి, నీకు పట్టాల సంగతేం తెలుసు?"

"సరేలే తల్లీ. కుక్కకి విశ్వాసమైనా ఉంటుంది" అని ఊరుకుంది. తిరిగి వచ్చేటప్పుడు తను డ్రైవ్ చేస్తానంది. నేను ఇవ్వలేదు.

అప్పట్లో రంగులు వేసింది పదేళ్ళ పిల్లలు. పగలంతా గీసి గీసి చేతులు వణికి ఉంటాయి. పట్టాలు వంకరే.

సెప్టెంబరు 7, వినాయక చవితి

ప్రతి ఏడూ కథ నేను చదువుతాను, ఆయన అక్షతలు పట్టుకుని ఆవులిస్తారు. ఈసారి పుస్తకం తనే తీసుకున్నారు. "ఈసారి నేను చదువుతా. కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగ్ రోబోలతో మాట్లాడీ మాట్లాడీ గొంతు తుప్పు పట్టింది" అన్నారు. ఫ్యాక్టరీ వదిలి పద్నాలుగేళ్ళయింది. శమంతకమణిని మూడు రకాలుగా పలికారు.

మెట్ల అంచులకి పసుపుపచ్చ టేపు కూడా అంటించారు. ఇల్లు హైస్కూలు జిమ్‌లా ఉంది. ఎందుకండీ అంటే మోకాలి కోసం అన్నారు. సరే, ఆయన మోకాలు, ఆయన టేపు.

సెప్టెంబరు 12

ఆయనకి ఒక కొత్త జబ్బు పట్టుకుంది. కార్లో పక్కన కూర్చుని సిగ్నళ్ళన్నీ పైకి చదువుతున్నారు. "ఎరుపు వచ్చింది... ఆకుపచ్చ... ఆ స్ట్రోలర్ అమ్మాయి దాటుతోంది చూడు..."

"నాకు కళ్ళు లేవా?" అన్నాను.

"మాట్లాడటానికి ఇంకేముందోయ్? యాభై ఏళ్ళయింది, సబ్జెక్టులు అయిపోయాయి" అన్నారు.

సెప్టెంబరు 19, గురువారం

స్విమ్మింగ్ క్లాసు నుంచి మనవరాలిని తీసుకొస్తున్నాను. ఆయన రాలేదు, మోకాలు సలుపుతోందన్నారు. లైబ్రరీ దగ్గర మలుపులో కావ్య "అమ్మమ్మా స్టాప్!" అని కేక పెట్టింది. బ్రేకు మీద నిలబడ్డాను. బంపర్‌కి జానెడు దూరంలో సైకిలు మీద ఒక మనిషి.

నల్ల జాకెట్టు, సైకిలుకి లైటు కూడా లేదు. ఇలాంటివాళ్ళకి లైసెన్సులు పెట్టాలి.

"హి వాజ్ రైట్ దేర్, అమ్మమ్మా" అంది కావ్య. ఇల్లు వచ్చేదాకా ఒళ్ళో తడి టవల్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

నల్ల జాకెట్టు.

సెప్టెంబరు 20

నిన్న ఎండగా ఉంది. సైకిలుకి లైటు ఎందుకు?

సెప్టెంబరు 22

కావ్య ఇక బస్సులో వస్తుందట. "ఫ్రెండ్స్ అందరూ బస్సే, అమ్మమ్మా." పదిహేనేళ్ళ వయసులో అమ్మమ్మ కారు నామోషీ. నీరజ కూడా ఆ వయసులో స్కూలుకి రెండు వీధుల ముందే దిగిపోయేది.

సెప్టెంబరు 25

ఎడమ కన్ను మూసి పేపరు చూశాను. కుడి కన్ను మూసి చూశాను.

బల్బులు మార్చాలి.

అక్టోబరు 2, బుధవారం

రేపటినుంచి కొలువు. పేరంటానికి వచ్చేవాళ్ళకి తాంబూలంతోపాటు ఇవ్వమని నీరజ ఆన్‌లైన్‌లో చిన్న పింగాణీ రైలింజన్లు తెప్పించింది. కొత్తవే, కానీ పాత వాటిని చూసి అచ్చు పోసినవి. "నీ థీమ్‌కి మ్యాచ్ అవుతాయమ్మా" అంది. ముద్దుగానే ఉన్నాయి.

సంచులు సర్దడానికి సాయం చేస్తానంటే వద్దన్నాను. కిందటేడు అది సర్దితే సగం సంచుల్లో వక్కల్లేవు. డైనింగ్ టేబులు దగ్గర కూర్చుని నేనే చుట్టాను. ఒక్కో ఇంజనుకి తెల్ల టిష్యూ కాగితం, రెండు ఆకులు, వక్కలు, పసుపు కుంకుమ పొట్లాలు, జాకెట్టు గుడ్డ. సంతలో కొన్న బొమ్మని కూడా తడి దూదితో తుడిచి, అదే కాగితంలో చుట్టి పక్కన పెట్టాను.

ఆయన గుమ్మంలో నిలబడి "ఆ పక్కన లైటు వేయనా?" అన్నారు. "వేసే ఉంది" అన్నాను. "అవును" అని వెళ్ళిపోయారు.

అక్టోబరు 5, శనివారం

పేరంటం దివ్యంగా జరిగింది. ఓక్‌విల్‌లో ఉన్న తెలుగు ఆడవాళ్ళంతా మా హాల్లోనే ఉన్నట్టుంది. ఈమధ్యే వచ్చిన ఇద్దరు ముగ్గురు కోడళ్ళు కొండపల్లి బొమ్మల పక్కన రైళ్ళు చూసి ఆశ్చర్యపోయారు. కాలేజీలో చదువుకుంటున్న అమ్మాయొకతె "ఆంటీ, ఇన్‌స్టాలో పెట్టొచ్చా?" అని అడిగింది. పెట్టుకోమన్నాను.

ఏటా ఇచ్చే ఉపన్యాసం ఇచ్చాను. చేతులకి గంధం, పసుపు. పసుపు తగిలితే పాత బొమ్మ మెరుగులో సన్నటి పగుళ్ళలోకి దిగి ఇక పోదు. అందుకని కొత్త బొమ్మని పైటచెంగుతో పట్టుకున్నాను. తేలిగ్గా అనిపించింది. ఉత్సాహంగా ఉన్నప్పుడు అలాగే ఉంటుంది. ఏ కాలంలో చేశారో, బంగారం ఎలా అరుగుతుందో, నకళ్ళతో ఎలా మోసపోతారో అన్నీ చెప్పాను. చివర్న తలకిందులు చేసి అందరి వైపూ అడుగుభాగం తిప్పి, "ఈ సూదిబెజ్జం చూశారూ, ఇదే దీని జన్మపత్రిక" అన్నాను.

హాలంతా నిశ్శబ్దం. ఎవరో దగ్గారు. తెలివైన మాట చెబితే మనుషులు అలాగే అయిపోతారు. ఝాన్సీ ఉన్నట్టుండి మంగళహారతి ఎత్తుకుంది, ఇంకా హారతి పళ్ళెం రాకముందే. దానికి తాళం ఎప్పుడూ రాదు.

"ఎలా మాట్లాడాను?" అని ఆయన్ని అడిగాను.

"ఎప్పట్లాగే" అన్నారు.

అక్టోబరు 13, ఆదివారం

నిన్న విజయదశమి. ఇవాళ కొలువు ఎత్తేశాను. కొత్త బొమ్మని పెట్టెలో పెట్టబోతూ అడుగున వేలు పెట్టాను. కాగితం తగిలింది. గోటితో గీరితే స్టిక్కర్ ఊడి వచ్చింది. భూతద్దం కింద, బల్బు కింద, కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. మేడిన్ చైనా.

వేలు దూరేంత కన్నం.

అందరి వైపూ తిప్పి చూపించాను. ఒక్కరూ ఏమీ అనలేదు. ఆ ఇన్‌స్టా అమ్మాయి కూడా.

అసలుది ఎవరి సంచిలోనో వెళ్ళిపోయింది.

అక్టోబరు 14

థాంక్స్‌గివింగ్ సెలవు, అందరూ ఇళ్ళలోనే ఉంటారు. పసుపు కుంకుమతో ఇచ్చినదాన్ని తిరిగి ఇవ్వమని అడగకూడదు. అడగలేదు. కుశలం అడుగుతున్నట్టు ఫోన్లు చేశాను. "మీ రైలు ఎలా ఉందండీ?" అన్నాను. వీరరాఘవులు గారి భార్య వంటింట్లో పెట్టి అందులో టూత్‌పిక్స్ గుచ్చిందట. అసలుదానికి ఉన్నది సూదిబెజ్జమే, గుచ్చడానికి చోటుందంటే అది అసలుది కాదు. ఇంకొకావిడ "సో క్యూట్ ఆంటీ, మా కుక్కపిల్ల నమిలేసింది" అంది. ఆ రైలు నకలే అయ్యుండాలని ఆ కుక్కపిల్ల తరఫున ప్రార్థించాను.

అందరి గొంతుల్లోనూ ఒకే మెత్తదనం. ఆస్పత్రిలో ఉన్నవాళ్ళతో మాట్లాడే గొంతు.

ఝాన్సీకి చేయలేదు.

అక్టోబరు 16, బుధవారం

నీరజ కారు రిపేరుకి ఇచ్చిందంటే సాయంత్రం టొరంటో నుంచి వచ్చే రైలు దగ్గరికి వెళ్ళాను. ప్లాట్‌ఫామ్ చివర నిలబడి తూర్పు వైపు చూశాను. పట్టాలు స్టేషను దాటాక మెలికలు తిరిగాయి, నీళ్ళలో కదిలినట్టు.

వాటికి పదేళ్ళ పిల్లలెవరూ రంగు వేయలేదు.

రైలు వాటి మీదే తిన్నగా వచ్చి ఆగింది. నీరజ దిగి నా ముందుకొచ్చి "అమ్మా, నన్ను చూస్తూనే ఉన్నావు, చెయ్యి ఊపవేం?" అంది. గొంతు విన్నాక ఊపాను.

తాళాలు దాని చేతికిచ్చాను, కాలు బెణికిందని చెప్పి.

అక్టోబరు 19, శనివారం

ఇది వరసగా రాయాలి.

సాయంత్రం ఝాన్సీ పట్టుచీర కట్టుకుని వచ్చింది. పళ్ళెంలో అట్లు.

"ఈ వయసులో అట్లతద్ది ఏమిటే, మంచి మొగుడు రావాలనా?"

"ఉన్నాయన గ్యారంటీ పీరియడ్ అయిపోయిందక్కా. పైట పట్టు."

పట్టాను. "ఇస్తినమ్మ వాయనం" అంది. "పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నాను. ముమ్మారూ అయ్యాక, అట్ల మీదుగా చెంగులోకి ఇంకేదో జారింది. టిష్యూ కాగితం. బరువు తెలిసింది.

అడగకూడదు, నిజమే. కానీ వాయనంగా వచ్చినదాన్ని మళ్ళీ వాయనంగా ఇస్తే కాదనకూడదు కూడా. నేను ఇన్ని రోజులూ ఆలోచించి ఇది కనిపెట్టలేకపోయాను.

"విప్పు" అంది. విప్పాను. అడుగున సూదిబెజ్జం. చదును వీపు. చక్రం అంచున బంగారం అరిగిన గరుకు. "అసలుదే" అన్నాను.

"చేతుల్ని అడగలేదు. కళ్ళతో చూసి చెప్పు. ఆ డ్రైవరు నవ్వుతున్నాడా, మూతి ముడుచుకున్నాడా?"

"ఇదేం పరీక్ష?"

"నువ్వు నాకు పెట్టినదే. మొదటి కుక్క కొన్నప్పుడు దాని కళ్ళు ఎటు చూస్తున్నాయని అడిగావు."

చూశాను. టోపీ అంచు ఉంది, నీలం కోటు ఉంది, బూట్లు ఉన్నాయి. ఆ మధ్యలో ఏమీ లేదు. కళ్ళు జరిపితే ఆ ఏమీ లేనిది కూడా నాతోపాటే జరిగింది.

"నవ్వుతున్నాడు" అన్నాను.

ఝాన్సీ నా పక్కన కూర్చుంది. "సుధక్కా, వాడికి మొహమే లేదు. రంగంతా చెరిగిపోయింది. మనం కొన్ననాటికే లేదు."

కనిపించింది కనిపించినట్టు చెప్పి ఉంటే పరీక్ష పాసయ్యేదాన్ని.

కోపం వచ్చింది. నాకు వచ్చే మొదటిది అదే. "డాక్టరువి కదా, తెలిస్తే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"పట్టాలు తిన్నగా ఉన్నాయని సంతలోనే చెప్పాను. నా కుక్కల్ని తిట్టావు. పేరంటంలో అందరి ముందూ చెప్పనా? నాకు నోరు రాలేదక్కా. హారతి ఎత్తుకున్నాను. తప్పే."

గుమ్మంలోంచి ఆయన "సుధా, ఇక చాలు" అన్నారు. ఎప్పటినుంచి నిలబడ్డారో. "ఆ ఫోను డక్ట్ క్లీనింగ్ వాళ్ళది కాదని నాకు తెలుసు. వాళ్ళు పెట్టిన మెసేజీ నేను విన్నాను."

"విని?"

"నువ్వే చెప్తావనుకున్నాను."

"అడగొచ్చుగా?"

"అడిగితే కారు ఆగిపోతుంది. కారు ఆగితే ఈ ఇల్లు పోతుంది. నాకూ ఆ బేస్‌మెంటు ఇష్టం లేదు" అన్నారు.

యాభై ఏళ్ళలో మేం మాట్లాడకుండానే ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం ఇదొక్కటే.

అట్లు ముగ్గురం తిన్నాం. చల్లారిపోయాయి.

అక్టోబరు 22, మంగళవారం

ఝాన్సీ ఎవరికో ఫోన్లు చేసి చోటు సంపాదించింది. తనే తీసుకెళ్ళింది. మత్తు చుక్కలు వేశారు. "పైకి చూడండి" అన్నాడు డాక్టరు. నొప్పి లేదు. బొటనవేలితో నొక్కినట్టు, అంతే. రెండు నెలలు దేనికి దాక్కున్నానో అది తుమ్మినంతసేపు కూడా లేదు.

కుడి కన్నులో మచ్చ కట్టేసింది, ఇక చేసేదేమీ లేదన్నాడు. ఎడమదానికి నెలనెలా ఇంజెక్షను. ఇప్పటికే కొంత పోయింది, మిగిలింది నిలబెట్టొచ్చు. కారు ఇక ఎప్పటికీ వద్దు. "ఆగస్టులోనే వచ్చి ఉంటే..." అని మధ్యలో ఆపేశాడు. మర్యాద తెలిసినవాడు. నేనూ రెట్టించలేదు. ఇలా కాకుండా అలా జరిగి ఉంటే ఏమయ్యేది అని రాసిన పిల్లలకి నేనెప్పుడూ మార్కులివ్వలేదు.

అక్టోబరు 24

నీరజకి చెప్పాను. అది మందుల షాపు నడిపే మనిషి, ప్రశ్నలు వరసలో అడుగుతుంది. ఏ కన్ను, ఏ మందు, ఎన్నాళ్ళకోసారి. చివరికి "ఫస్ట్ ఎప్పుడు చెప్పారమ్మా నీకు?" అంది.

సెప్టెంబరు చివర్న అనొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది.

"ఆగస్టులో."

"డ్రైవ్ చేయొద్దని చెప్పారా?"

"చెప్పారు."

"సెప్టెంబర్‌లో కావ్యని స్విమ్మింగ్ నుంచి తీసుకొచ్చావు. సైకిలతను... అది నాకు చెప్పింది. నేను దాన్నే తిట్టాను, అమ్మమ్మ మీద కంప్లెయింట్స్ చెప్పకు అని." ఆ తర్వాత, "యు న్యూ" అంది. చిన్న గొంతుతో.

నా దగ్గర ఎప్పుడూ ఒక జవాబు ఉంటుంది. మా అత్తగారికీ, ప్రిన్సిపాలుకీ, కస్టమ్స్ ఆఫీసర్లకీ ఇచ్చాను. వెతికాను. లేదు.

అది కోటు వేసుకుని వెళ్ళిపోయింది. ఆయన టీ పెట్టారు. తాగలేదు.

అక్టోబరు 31

దీపావళి. నీరజ రాలేదు. వాళ్ళకి పని ఉండి ఉంటుంది.

నవంబరు 3

నీరజ రాలేదు. పని కాదు.

నవంబరు 10, ఆదివారం

కార్తిక భోజనాలు, కమ్యూనిటీ హాల్లో. ఈ చలిలో వనం ఎక్కడిది. అందరూ ప్లేట్లు పట్టుకున్నాక లేచి నిలబడి చెప్పాను: ఆ రోజు నేను చూపించినది మేడిన్ చైనా, నాకు చూపు పోయింది, మీరంతా స్టిక్కర్ చూశారు.

"అయ్యో, మేం చూడనేలేదండీ" అన్నారు ఏకకంఠంతో. ఊళ్ళో అందరికీ నాకన్నా ముందే కళ్ళు పోయాయి.

ఆ కాలేజీ అమ్మాయి మాత్రం దగ్గరికొచ్చి "ఆంటీ, నేను చూశాను. వీడియోలో ఆ ముక్క కట్ చేసి పెట్టాను" అంది. దానికి నా పులిహోర కూడా ఇచ్చేశాను.

నవంబరు 19

రెండో ఇంజెక్షను. కారు అమ్మేశాం. ఆయనా నేనూ బస్సెక్కి వచ్చాం. ఆయనకి ఒక మంచి మోకాలు, నాకు అర కన్ను. డ్రైవరు ర్యాంపు దించి, మేం కూర్చునేదాకా ఆగాడు.

నవంబరు 27

నీరజ ఆయనకి ఫోను చేసింది. నా గురించి అడిగిందట. నాతో మాట్లాడలేదు. మందుల పేర్లు సరిగ్గా పలకమని ఆయన్ని కోప్పడింది.

అదీ నా కూతురే.

డిసెంబరు 7, శనివారం

లావు నల్ల మార్కరుతో రాస్తున్నాను. పేజీకి నాలుగు వరసలు కూడా పట్టడం లేదు. వరస మీద వరస పడితే పడనీ.

మధ్యాహ్నం బెల్లు మోగింది. కావ్య. బస్సులో ఒక్కతే వచ్చింది.

"అమ్మకి తెలుసా?" అన్నాను.

"షి నోస్. 'ఫోర్‌కల్లా ఇంటికొచ్చెయ్' అంది. ఇంకేం అనలేదు." బూట్ల మంచు నేల మీద కారుస్తూ వచ్చి సోఫాలో కూలబడింది. ఆయన దానికి పకోడీలు వేస్తానని వంటింట్లోకి వెళ్ళారు. ఫోను తీస్తుందేమో అనుకున్నాను. తీయలేదు.

"నిన్ను భయపెట్టాను ఆ రోజు" అన్నాను. ఇన్ని వారాలుగా కట్టిన వాక్యాలన్నీ పోయి ఇదొక్కటే వచ్చింది.

"యా" అంది. "భయమేసింది." అయ్యో పర్లేదు అనలేదు. అననందుకు నాకు ఊపిరి ఆడింది.

తర్వాత అడిగింది: "అమ్మమ్మా, నన్ను చూస్తే నీకేం కనిపిస్తుంది? లైక్, రియల్లీ."

ఈసారి చూసిందే చెప్పాను. "జుట్టు. చెవులకి రింగులు. ఊగుతున్న కాళ్ళు. మధ్యలో బూడిద మేఘం. నీ మొహం ఉండాల్సిన చోట."

కాళ్ళు ఊపడం ఆపేసింది. "ఎప్పటికీనా?"

"క్లినిక్‌లో ఒక ట్రైనింగ్ ఇస్తున్నారు. దేన్ని చూడాలో దాన్ని చూడకూడదట. పక్కన చూడాలి, అప్పుడు అంచున దొరుకుతుంది. నాకింకా సరిగ్గా కుదరడం లేదు. నాకు సూటిగా తప్ప చూడటం రాదు."

కావ్య లేచి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. "ట్రై చెయ్. నా చెవి పక్కన గోడని చూడు. ఏమైనా వస్తోందా?"

"గోడ వస్తోంది."

"ఇంకొంచెం అటు. నో, నన్ను చూడకు! చీటింగ్ చేస్తున్నావు."

తిప్పాను. మేఘం జరిగింది. దాని అంచున ముందు కనుబొమ్మ వచ్చింది, తర్వాత ఒక కన్ను, నీరజ కన్ను, ఆ వెనకే మిగతాదంతా. తేలిపోతుందేమోనని ఊపిరి బిగబట్టి గోడనే చూశాను.

"ఏంటి? ఏం కనిపిస్తోంది?" అంది.

"ముక్కు మీద మొటిమ" అన్నాను.

"అమ్మమ్మా!" అని రెండు చేతులా మొహం కప్పేసుకుంది.

"తియ్యవే చేతులు" అన్నాను. "ఇప్పుడే దొరికావు."